కారు కంపెనీ పేరు మీదా, మన పేరు మీదా? సంతకానికి ముందు చూసుకోవలసిన లెక్క

2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ రేట్లు మారడంతో ఆ ఏడాది దసరా, దీపావళి బేరాలన్నీ కార్ల చుట్టూనే తిరిగాయి. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజిన్ ఉన్న పెట్రోలు కార్లకూ, 1500 సీసీ లోపు డీజిల్ కార్లకూ పన్ను 18 శాతానికి దిగింది. అంతకు ముందు సెస్సుతో కలిపి పెట్రోలు కారుకు 29, డీజిల్ కారుకు 31 శాతం ఉండేది. పెద్ద కార్లకు 45 నుంచి 50 శాతం దాకా పోయేది ఇప్పుడు సెస్సు లేకుండా 40 శాతం. ఎలక్ట్రిక్ కార్లకు పాత 5 శాతమే.

హోసూరు, బళ్లారి, షోలాపూర్, భివండి, రాజపాళయం, బరంపురం... మనవాళ్లు ఎక్కడ స్థిరపడినా చిన్న కుటుంబ కంపెనీలు ఉన్నాయి. నాన్న, ఇద్దరు కొడుకులు డైరెక్టర్లు. అలాంటి ఇళ్లలో ఇప్పుడు వినిపించే మాట ఒకటే: "కంపెనీ పేరు మీద కొంటే జీఎస్టీ వెనక్కి వస్తుంది, పన్నూ మిగులుతుంది." ఇందులో సగం తప్పు, మిగతా సగం అనుకున్నంత పెద్దది కాదు. లెక్క తెలుగులో విడమరిచి చెప్పేవారు లేక ఆడిటర్ చూపిన చోట సంతకం పెట్టేవాళ్లు మనలో చాలామంది. అందుకే ఈ వివరణ.

జీఎస్టీ తిరిగి రాదు

డ్రైవర్‌తో కలిపి 13 మంది వరకు కూర్చునే ప్రయాణికుల వాహనం మీద కట్టిన జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ లేదని సీజీఎస్టీ చట్టం 17(5) సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. కార్లు అమ్మే వ్యాపారం, ట్యాక్సీలా ప్రయాణికులను తిప్పే వ్యాపారం, డ్రైవింగ్ స్కూలు, ఈ మూడింటికే మినహాయింపు. మగ్గాల షెడ్డుకో, పంపుల ఫౌండ్రీకో, కిరాణా హోల్‌సేల్‌కో ఆ మినహాయింపు దొరకదు. అదే కారు ఇన్సూరెన్సు, రిపేరు బిల్లుల మీది జీఎస్టీకీ ఇదే నియమం. బిల్లు మీద కంపెనీ జీఎస్టీ నంబరు ఉంది కదా అని క్రెడిట్ తీసుకుంటే, తర్వాత నోటీసు వచ్చి వడ్డీతో కట్టాలి.

ఆదాయపు పన్నులో మిగిలేది ఎంత?

ఇక్కడ లాభం ఉంది. కారు ధర 10 లక్షలు, జీఎస్టీ 1.80 లక్షలు, మొత్తం 11.80 లక్షలు అనుకుందాం. క్రెడిట్ తీసుకోలేదు కాబట్టి జీఎస్టీ కూడా ధరలో కలుస్తుంది. దాని మీద ఏటా 15 శాతం తరుగుదల. మొదటి ఏడాది 1.77 లక్షలు. కంపెనీ 25.168 శాతం రేటులో పన్ను కడుతుంటే మిగిలేది సుమారు 44,500 రూపాయలు. రెండో ఏడాది సుమారు 37,900, మూడో ఏడాది 32,200. మూడేళ్లకు కలిపి 1.15 లక్షల లోపే. పెట్రోలు, ఇన్సూరెన్సు, డ్రైవర్ జీతం, కారు లోను వడ్డీ కూడా ఖర్చు కింద చూపవచ్చు కాబట్టి వాటి మీదా పన్నులో నాలుగో వంతు మిగులుతుంది. అంటే రూపాయి ఖర్చు పెడితే పావలా మిగులుతుంది. మిగతా ముప్పావలా మన జేబులోదే.

తేదీ కూడా ముఖ్యం. ఆర్థిక సంవత్సరంలో కారు 180 రోజుల కంటే తక్కువ వాడితే ఆ ఏడాది తరుగుదల సగమే, అంటే 7.5 శాతం. 2025లో ఆ గీత అక్టోబర్ 3 దగ్గర పడింది. విజయదశమి నాడు, అంటే అక్టోబర్ 2న, రోడ్డెక్కిన కారుకు పూర్తి 15 శాతం, దీపావళికి వచ్చిన కారుకు సగం. మిగతాది పోదు, తర్వాతి ఏళ్లకు జరుగుతుంది.

వాడుకునే డైరెక్టర్‌కూ పన్ను ఉంది

కంపెనీ వేరు, మనం వేరు. సయాజీ ఐరన్ కేసులో గుజరాత్ హైకోర్టు చెప్పిందీ ఇదే: కంపెనీకి సొంత వాడకం అంటూ ఉండదు, కాబట్టి ఆ పేరుతో కంపెనీ ఖర్చు కోయకూడదు. కానీ ఆ వాడకం డైరెక్టర్ చేతిలో జీతంతో పాటు వచ్చిన సౌకర్యంగా లెక్కకు వస్తుంది. ఆఫీసు పనికీ ఇంటి పనికీ కలిపి వాడుతూ ఖర్చంతా కంపెనీ పెడితే, 2026 మార్చి దాకా ఉన్న నిబంధన ప్రకారం 1.6 లీటర్ల లోపు ఇంజిన్‌కు నెలకు 1,800, పైబడితే 2,400, డ్రైవర్ ఉంటే మరో 900 రూపాయలు ఆదాయానికి కలిపేవారు. పూర్తిగా ఇంటికే వాడితే మొత్తం ఖర్చుతో పాటు ఏటా కారు ధరలో 10 శాతం కలుస్తుంది. ఆఫీసు పనికి మాత్రమే అంటారా, ప్రయాణాల పుస్తకం తేదీలతో, కిలోమీటర్లతో రాసి ఉంచాలి.

సొంత పేరుతో దుకాణం నడిపేవారికి కంపెనీ అనే అడ్డుగోడ లేదు. ఇంటి వాడకం వాటాను అధికారి కోసేస్తారు. ఇక పాత చట్టంలో 44ఏడీగా ఉన్న పద్ధతి కింద టర్నోవర్ మీద 8 లేదా 6 శాతం లాభం చూపేవారికి తరుగుదల అందులోనే కలిసిపోయినట్టు చట్టం చెబుతుంది. పన్ను కోసమని వారు కారు కొంటే ఒక్క రూపాయీ మిగలదు.

ఎవరూ చెప్పని మాట: ప్రమాద బీమా

మాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన విషయం ఇది. సొంత కారు నడుపుతూ యజమాని చనిపోతే కుటుంబానికి 15 లక్షలు వచ్చే ఓనర్ డ్రైవర్ ప్రమాద బీమా, ఆర్‌సీలో మనిషి పేరు ఉంటేనే. కంపెనీ లైసెన్సు తీసుకుని కారు నడపదు కాబట్టి కంపెనీ కారుకు ఆ బీమా ఉండదు. ఏడాదికి 40 వేల పన్ను మిగిలిందని సంతోషిస్తున్న ఇంటికి, నడిపే మనిషి పోయిన రోజున ఆ సొమ్ము రాదు. పాలసీలో కూర్చునేవారికి ప్రమాద బీమా విడిగా చేర్పించుకోవాలి, లేదా నడిపేవారి పేరిట వేరే పాలసీ తీసుకోవాలి.

ఇంకొకటి, కారు కంపెనీ ఆస్తి. అన్నదమ్ములు వేరుపడినా, కంపెనీ అప్పు తీర్చలేకపోయినా, ఆ కారు నడిపినవాడిది కాదు. అమ్మేటప్పుడూ లెక్క ఉంది. మూడేళ్ల తర్వాత పైన చెప్పిన కారు విలువ పుస్తకాల్లో సుమారు 7.25 లక్షలు. 8 లక్షలకు అమ్మితే ఆ తేడా మీద 18 శాతం, అంటే 13,500 దాకా జీఎస్టీ. పుస్తక విలువ కంటే తక్కువకు పోతే ఏమీ లేదు.

యానాం చిరునామా సంగతి

పుదుచ్చేరిలో రోడ్డు పన్ను తక్కువని బయటివారు అక్కడి చిరునామాతో కార్లు రిజిస్టర్ చేయించుకోవడం, 2017లో కేరళలో అవి కేసుల దాకా పోవడం తెలిసిందే. యానాంలో నిజంగా వ్యాపారం ఉన్నవారికి ఇబ్బంది లేదు. కానీ కారు 12 నెలలు దాటి వేరే రాష్ట్రంలో ఉంటే మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి. చుట్టం ఇంటి చిరునామా అడిగి కంపెనీ కారు తెస్తే, చిక్కు ఆ చుట్టానికీ చుట్టుకుంటుంది.

మా మాట

కారు నిజంగా వ్యాపారానికి తిరుగుతుంటే, కంపెనీ లాభాల్లో ఉంటే, కంపెనీ పేరు మీద కొనడంలో తప్పు లేదు, కొంత లాభమూ ఉంది. ఇంటికి కారు కావాలి, పన్ను సాకు మాత్రమే అయితే మన పేరు మీదే కొనుక్కోవడం మేలు. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. సెక్షన్ నంబర్లు మారాయి కాబట్టి ఆడిటర్‌ను మూడు ప్రశ్నలు అడగండి: నా కంపెనీ ఏ రేటులో పన్ను కడుతోంది? నా జీతానికి ఏడాదికి ఎంత కలుస్తుంది? నేను నడుపుతూ పోతే ఇంటికి ఎంత వస్తుంది? మూడిటికీ అంకెల్లో జవాబు వచ్చాకే షోరూంకు వెళ్లండి.