రైల్వే భూమి ఎవరి లాభానికి?

నగరాల నడుమనున్న రైల్వే భూములు వృథాగా పడి ఉన్నవనీ, వాణిజ్యానికిచ్చిన లాభాలు పండుననీ పాలకులు పలుకుచున్నారు. లాభమెవరికి? 2005లో రైల్వే చట్టాన్ని సవరించి ఇందుకు దారి వేసిరి. 2018లో స్టేషన్ల అభివృద్ధికి కౌలు గడువును 99 ఏండ్ల వరకు పెంచిరి. 2022లో సరుకు టెర్మినళ్ళ భూమికి వార్షిక రుసుమును మార్కెట్ విలువలో 6 శాతం నుండి 1.5 శాతానికి దించిరి. భూమి అంత బంగారమైతే రుసుము తగ్గించుటెందుకు?

కౌలు సొమ్ము ఖర్చయిపోవును. భూమి మూడు తరాలకు చేజారును. రేపు అదనపు లైనుకు జాగా ఎక్కడ? క్వార్టరు లేక ఊరి చివరి నుండి తెల్లవారకముందే డ్యూటీకి పరుగెత్తు గ్యాంగ్‌మన్ కష్టం ఏ లెక్కలో వ్రాసిరి?

వాణిజ్యానికి మనము విరోధులము కాము. ముందు లైన్లు, క్వార్టర్లు. మిగిలిన జాగాకే కౌలు. ప్రతి రూపాయికీ బహిరంగ లెక్క. ఇదీ మన కోర్కె. తపాలా సోదరులారా! ఇదే తూకం రేపు మీ ఆఫీసు స్థలాలకూ రాగలదు. కలసి నిలువుదము!