నెయ్యి వద్దు, అన్నం పెట్టండి

వీగన్‌గా మారిన ఈ మూడేళ్ళలో తిండి దొరక్క నేను ఇబ్బందిపడ్డ రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. తిండి ముందు కూర్చున్నాక ఇబ్బందిపడ్డ రోజులు మాత్రం చాలానే ఉన్నాయి. హాస్టల్లో గొడవే లేదు. మెస్‌లో నేను పెరుగు తీసుకోకపోతే పక్కనున్న దానికి ఒక కప్పు ఎక్కువొస్తుంది, అది సంతోషిస్తుంది. సెలవులకు మా సత్యవేడు వెళ్ళినప్పుడే అసలు పరీక్ష. పెళ్ళి, సీమంతం, గృహప్రవేశం, గంగమ్మ జాతర, పెద్దకర్మ... ఏ ఇంటికెళ్ళినా చివరికి ఆకు ముందు కూర్చోవాల్సిందే.

ఈమధ్య ఇద్దరు జూనియర్లు కూడా పాలు, పెరుగు మానేశారు. "అక్కా, ఊరికెళ్తే ఫంక్షన్లలో ఎట్లా మేనేజ్ చేస్తావ్?" అని అడిగారు. నడుస్తూ నడుస్తూ చెప్పేసే జవాబు కాదని ఇక్కడ రాస్తున్నా.

ముందు మాట సంగతి. 'వీగన్' అనే పదం పుట్టింది 1944లో, ఇంగ్లండ్‌లో. మాంసం, చేపలు, గుడ్లతో పాటు పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా ముట్టనివాళ్ళని అర్థం. మన తెలుగులో దీనికి స్థిరపడిన మాట లేదు. 'శాకాహారి' అంటే మనవాళ్ళు ముందు ఒక గ్లాసు మజ్జిగ ఇస్తారు. ప్యాకెట్ల మీద ఉండే పచ్చ చుక్క కూడా అంతే, పాలున్న బిస్కెట్టుకూ ఆ చుక్క ఉంటుంది. 2022లో మన ఆహార ప్రమాణాల సంస్థ వీగన్ ఆహారానికి వేరే నిబంధనలు, వేరే గుర్తు తెచ్చింది గానీ పెళ్ళి పందిట్లో సాంబారు బకెట్టు మీద ఏ గుర్తూ ఉండదు కదా.

నేనెందుకు మారానో ఇక్కడ చెప్పను. అది వేరే వ్యాసం, వేరే కొట్లాట. మారినవాళ్ళు నలుగురిలోకి ఎలా వెళ్ళాలన్నదే ఇక్కడి విషయం.

నిజానికి మన ఆకులో వీగన్‌కి కరువు లేదు. సత్యవేడు తమిళనాడు సరిహద్దులో ఉంది. ఊత్తుకోట దాటితే బోర్డులన్నీ తమిళమే. కాబట్టి మా పెళ్ళి భోజనంలో రెండు వైపుల వంటలూ పడతాయి. పులిహోర, ఉద్ది వడ, పప్పు, కూటు, వంకాయ కూర, సాంబారు, రసం, అప్పడం, ఊరగాయ. వీటిలో చాలావాటికి ఆవుతో పనే లేదు. ఇంట్లో అయితే ఇంకా సులువు. రాగి సంగటి, చెనిక్కాయల ఊరుబిండి, పచ్చిపులుసు, ఉలవచారు. ఇవన్నీ కరువు చూసిన ప్రాంతం తిండ్లు. నెయ్యి లేకుండా బతకడం మా అవ్వల తరానికి ఎవరూ నేర్పాల్సిన అవసరం రాలేదు.

చిక్కంతా నాలుగైదు చోట్లే ఉంటుంది. వేడన్నం మీద వేసే నెయ్యి, పాయసం, నెయ్యి పూసిన ఓళిగ, పెరుగువడ, చివర్లో పెరుగన్నం. వీటితో పాటు కంటికి కనపడని నెయ్యి, అంటే పప్పు తాలింపులోదీ, కుర్మాలో కలిసిన పెరుగూ. ఇవన్నీ వదిలేసినా కడుపు నిండుతుంది. మరి ఇబ్బంది ఎక్కడ?

ఇబ్బంది 'వద్దు' అనే మాటలో ఉంది. మన ఊళ్ళలో ఆ మాటకు పాత చరిత్ర ఉంది. ఎవరింట్లో ఎవరు తినొచ్చు, ఎవరి చేతి నీళ్ళు ఎవరు తాగొచ్చు, ఎవరికి వేరే గ్లాసు, ఎవరికి వేరే బంతి అన్నవి కులం నిర్ణయించిన కాలం ఎంతో దూరంలో లేదు. కొన్నిచోట్ల ఇంకా పోలేదు. సంఘసంస్కర్తలు సహపంక్తి భోజనాలను ఒక ఉద్యమంలా నడపాల్సి వచ్చిందంటేనే అర్థం చేసుకోవచ్చు, పక్కపక్కన కూర్చుని తినడం ఎంత పెద్ద విషయమో. తక్కువ కులం అనుకున్నవాళ్ళింటికి పనిమీద వెళ్ళిన పెద్దమనిషి 'ఇప్పుడే తినొచ్చా', 'కడుపు బాలేదు', 'ఈరోజు ఉపవాసం' అనేవాడు. ఇంటివాళ్ళకు అసలు కారణం తెలుసు. ఆయనకూ తెలుసు, వాళ్ళకు తెలుసని.

ఇప్పుడు ఇరవై ఏళ్ళ అమ్మాయి అదే గడపలో నిలబడి "నాకొద్దు, నేను అవి తినను" అంటుంది. తన మనసులో దూడ ఉండొచ్చు. వినేవాళ్ళకు మాత్రం ఆ పెద్దమనిషి గుర్తొస్తాడు. పైగా తిండి మీద 'శుద్ధి' అనే మాట ఒకటుంది. మాంసం తిననివాళ్ళు పైమెట్టు, తినేవాళ్ళు కింది మెట్టు అని మన సమాజం ఎప్పుడో నిచ్చెన వేసి పెట్టింది. పాలు కూడా మానేసినవాళ్ళం ఆ నిచ్చెన మీద ఇంకో మెట్టు ఎక్కినట్టు కనిపిస్తే, మనం చెప్పే కరుణ ఎవరికీ వినపడదు. ఎదుటివాళ్ళకు అందేది అవమానమే. ఫంక్షన్లో వీగన్ మర్యాదగా ఉండటం అనేది అందుకే నాకు స్పూన్లు, నాప్కిన్ల వ్యవహారంలా అనిపించదు.

పోయిన ఏడాది నా స్కూల్ ఫ్రెండ్ వాళ్ళు ఇల్లు కట్టుకున్నారు, మా ఊరి పక్కన ఎస్సీ కాలనీలో. గృహప్రవేశంలో పాలు పొంగించాక ఆ పాలే వచ్చినవాళ్ళందరికీ తలా కొంచెం ఇస్తారు. మా తాతల కాలంలో మావాళ్ళు ఆ వీధిలో నీళ్ళు కూడా తాగలేదని నాకు తెలుసు. వాళ్ళమ్మకూ తెలుసు. ఆమె గ్లాసు పట్టుకుని నా దగ్గరికొచ్చింది. నేను లేచి చెప్పా: "పెద్దమ్మా, నేను పాలు మానేసి రెండేళ్ళయింది. మా ఇంట్లో కూడా తాగను, మా అమ్మ రోజూ తిడతానే ఉంది. ఆకలేస్తా ఉంది, అన్నం ఎప్పుడు పెడతావు?" ఆమె ఒక్క క్షణం నా మొహం చూసి, "అయితే రా, మొదటి బంతిలోనే కూర్చో" అంది. పులిహోర రెండుసార్లు వేయించుకున్నా. ఆ ఇంటి బిందెలో నీళ్ళు తాగా. వెళ్ళేటప్పుడు "రాత్రికి సంగటి చేస్తా, ఉండిపో" అంది.

ఆ మాటల్లో రెండు పనులు జరిగాయి. ఒకటి, ఈ నియమం మీ ఇంటి కోసం పెట్టుకున్నది కాదు, మా ఇంట్లోనూ ఇంతే అని చెప్పడం. రెండోది, వద్దన్న నోటితోనే ఇంకోటి అడగడం. నా లెక్కలో రెండోదే ముఖ్యం. మన దగ్గర పెట్టింది తినడం మర్యాద అయితే, నోరు తెరిచి 'అన్నం పెట్టు' అని అడగడం చనువు. పరాయివాళ్ళు అలా అడగరు. పాయసం వద్దన్నప్పుడు ఇంకో వడ అడగండి. నెయ్యి వద్దన్నప్పుడు పప్పు ఇంకో గరిటె వేయమనండి. వడ్డించేవాళ్ళ చెయ్యి ఖాళీగా వెనక్కి పోకూడదు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. అంత సున్నితమైన విషయమైతే ఆ ఒక్కరోజు ఒక గుక్క పాలు తాగేస్తే పోలేదా? కొందరు వీగన్లు తాగుతారు, వాళ్ళని నేను తప్పుపట్టను. నేను మాత్రం తాగను, అదీ ఇదే కారణంతో. ఒక ఇంట్లో తాగి ఇంకో ఇంట్లో వద్దంటే, రెండో ఇంటివాళ్ళు "అక్కడ తాగింది, మా దగ్గర తాగదంట" అనుకుంటారు. వాళ్ళు అనుకోవడంలో తప్పేముంది? మేనమామ ఇంట్లో నెయ్యి ఓళిగ తిని, ఫ్రెండ్ ఇంట్లో వీగన్ అయితే దాన్ని ఆహార నియమం అనరు, దానికి పాత పేరే ఉంది. నియమం అన్ని గడపల్లో ఒకేలా ఉంటేనే మన మాటకు విలువ.

మరీ పట్టుదలకు పోవద్దనేవాళ్ళు గాంధీని చూపిస్తారు. ఆయన 1912లో దక్షిణాఫ్రికాలో పాలు మానేశారు. 1918లో తీవ్రంగా జబ్బుపడ్డాక, ఆవు, గేదె పాలే కదా మానింది, మేకపాలు తాగొచ్చు కదా అని కస్తూరిబా అన్నారు. ఆయన ఒప్పుకున్నారు. వ్రతం మాటల్లో నిలిచింది గానీ దాని ఆత్మ పోయిందన్న బాధ ఆయనకు ఉండిపోయింది, ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు. ప్రాణం మీదికి వస్తే ఎవరైనా ఏదో ఒకటి చేస్తారు. పెళ్ళి పాయసం ప్రాణం మీది విషయం కాదు కదా!

ఇక నేను పాటించేవి చెప్తా.

ఫంక్షన్‌కి రెండు రోజుల ముందే ఇంటివాళ్ళకు ఫోన్ చేస్తా. 'వీగన్' అనే పదం వాడను. "పిన్నీ, నెయ్యి, పెరుగు, పాలు తినను. మిగతావన్నీ తింటా. నాకోసం వేరే ఏమీ చెయ్యొద్దు" అంటా, అంతే. చేరుకున్నాక వంటమాస్టర్ దగ్గరికి వెళ్ళి ఏ దాంట్లో ఏం పడిందో మెల్లగా కనుక్కుంటా. బంతిలో కూర్చుని "ఇందులో నెయ్యి ఉందా?" అని గట్టిగా అడిగితే పక్కనున్న పదిమందికి నెయ్యి మీద చర్చ మొదలవుతుంది.

వద్దన్నది ఆకులో పడకముందే చెయ్యి అడ్డం పెట్టడం మంచిది. వేయించుకుని వదిలేస్తే అది రెండు తప్పులు, ఆవు పాలూ పోయె, వండినవాళ్ళ కష్టమూ పోయె. ఇంట్లో కొంచెం తిని వెళ్ళినా ఆ మాట అక్కడ అనకూడదు. 'తినేసి వచ్చా' అన్నది ఆ పెద్దమనిషి మాట. అలర్జీ అని అబద్ధం కూడా వద్దు. ఒక ఇంట్లో అలర్జీ, ఇంకో ఇంట్లో మొక్కు అంటే ఊరు చిన్నది, దొరికిపోతాం.

అన్నిటికన్నా కష్టం ప్రసాదం. తిరుపతి మా జిల్లా కేంద్రం. కొండకు వెళ్ళొచ్చిన ప్రతి ఇంటి నుంచి లడ్డు ముక్క వస్తుంది, అందులో నెయ్యి ఉంటుంది. నేను రెండు చేతులతో తీసుకుని కళ్ళకద్దుకుంటా, మా తమ్ముడికి ఇస్తా. ఇచ్చినవాళ్ళ ముందే ఇస్తా, దాచి ఇవ్వను. ప్రసాదం పంచుకునేదే కాబట్టి ఎవరూ ఏమీ అనరు. "మా పక్కనే సురుటుపల్లిలో శివుడు హాలాహలమే మింగేశాడు, నువ్వు లడ్డు మింగలేవా" అని మా మామ ఏడిపిస్తాడు. "మింగిన తర్వాత ఆయన పడుకునే ఉన్నాడు కదా మామా" అంటా నేను.

జాతరలో పొట్టేలు కూర వడ్డించే బంతిలోనూ కూర్చుంటా. నా ఆకులో సంగటి, ఊరుబిండి ఉంటాయి, పక్కవాళ్ళ ఆకులో వాళ్ళది ఉంటుంది. మొహం చిట్లించను, ముక్కు మూసుకోను. ఆ రోజు మాంసం గురించి ఒక్క మాట మాట్లాడను. పెద్దకర్మ భోజనంలో అయితే ఇంకా జాగ్రత్త. పోయిన మనిషి పేరు మీద పెడుతున్న అన్నం ముందు మన నియమాల వివరణ మొదలుపెట్టకూడదు. ఉన్నదాంట్లో తినగలిగింది తిని, నలుగురితో కాసేపు కూర్చుని రావాలి.

ఉపన్యాసం ఇవ్వకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా ప్రాంతంలో పంట పోయిన ఏడాది కూడా ఇంటికి డబ్బులు తెచ్చేది ఆవు. నాతో చదివినవాళ్ళలో చాలామంది ఫీజులు పాలకేంద్రం బిల్లుతో కట్టినవే. మా ఊరికి దగ్గర్లోనే శ్రీసిటీ ఉంది, అక్కడ మొండెలెజ్ చాక్లెట్ ఫ్యాక్టరీ 2016 నుంచి నడుస్తోంది, చుట్టుపక్కల పిల్లలకు ఉద్యోగాలిచ్చింది. తెల్లారుజామున నాలుగింటికి లేచి పాలు పితికి కూతుర్ని ఇంజనీరింగ్ చదివించిన తల్లి ముందు, పెళ్ళి భోజనంలో, పాలు హింస అని చెప్పే హక్కు నాకు ఎవరిచ్చారు? ఆమె అడిగితే చెప్తా. వేరే రోజు, వేరే చోట, ఆమెకు తీరిక ఉన్నప్పుడు చెప్తా. ఆమె చెప్పేది కూడా వింటా.

పిలిచేవాళ్ళకు కూడా ఒక మాట. "ఒక్క చుక్క నెయ్యి ఏం చేస్తుందమ్మా" అని ప్రేమగా వేసేస్తారు. "ఇట్లయితే రేపు అత్తింట్లో ఎట్లా" అని ఆడపిల్లలకు మాత్రమే ప్రత్యేకంగా ఒక ప్రశ్న వేస్తారు, నెయ్యి మానేసిన మా అన్నని ఎవరూ అడగలేదు. ఈ రెండూ మానేస్తే చాలు. మాకోసం వేరే వంట అక్కర్లేదు. నెయ్యి పప్పులో కలపకుండా ఆకు దగ్గర వడ్డిస్తే మేము తినేవి సగం పెరుగుతాయి. పాయసం కొబ్బరిపాలు, బెల్లంతో చేసినా పెళ్ళి పెళ్ళే అవుతుంది. అలా చేయకపోయినా ఒక అరటిపండు చేతిలో పెట్టండి, తీపి తిన్నట్టే.

మన క్లబ్ కూడా ఒక చిన్న పని చేయొచ్చు. ఉగాది కవిసమ్మేళనం రోజు పెట్టే భోజనంలో ఒక్కో గిన్నె ముందు చీటీ పెట్టి, పాలు, నెయ్యి, గుడ్డు ఉన్నాయో లేదో రాద్దాం. ఖర్చు నాలుగు కాగితాలు. నాలాంటివాళ్ళే కాదు, పాలు పడనివాళ్ళు, గుడ్డు తిననివాళ్ళు కూడా ఎవరినీ అడక్కుండా వడ్డించుకుంటారు. ఉగాది పచ్చడికి మాత్రం చీటీ అక్కర్లేదు. వేపపువ్వు, బెల్లం, చింతపండు, మామిడి, ఉప్పు, కారం. ఆ గిన్నె దగ్గర అందరం ఒకే లైన్లో నిలబడొచ్చు.