హాజరు కొనుక్కుంటే మిగిలేది కాగితమే

అడ్మిషన్ల సీజన్ వస్తే చాలు, ఊళ్లలో ఓ మాట వినిపిస్తుంది. ‘బీఈడీలో చేరిపో. కాలేజీకి రోజూ వెళ్లక్కర్లేదు. కొంచెం ఎక్కువ కడితే హాజరు సంగతి వాళ్లే చూసుకుంటారు. పరీక్షలప్పుడు వెళ్తే సరి.’ ఎలక్ట్రానిక్స్ చదివే డిప్లొమా, బీటెక్ కుర్రాళ్ల మధ్య ఇదే మాట ఇంకో రూపంలో తిరుగుతుంది. ‘ప్రాజెక్టుకి టెన్షనెందుకు? డబ్బులిస్తే కిట్టు, రిపోర్టు, వైవాలో చెప్పాల్సిన నాలుగు ముక్కలూ చేతిలో పెడతారు.’

టీచర్ ట్రైనింగ్‌కీ ఎలక్ట్రానిక్స్‌కీ పోలికేంటి అనిపించొచ్చు. రెండూ చేసి నేర్చుకోవాల్సిన చదువులు. పుస్తకం ఇంట్లో కూర్చునైనా చదువుకోవచ్చు. నలభై మంది పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పడం, పనిచేయని సర్క్యూట్‌లో తప్పెక్కడుందో పట్టుకోవడం ఇంట్లో కూర్చుంటే రావు. ఈ కోర్సుల్లో కాలేజీ నుంచి తీసుకోవాల్సింది ముఖ్యంగా అదే. దాన్ని వదులుకోవడానికి మనమే ఎదురు డబ్బులు కడుతున్నాం!

బడి చూడని బీఈడీ

ఒకప్పుడు బీఈడీ ఏడాది కోర్సు. ఎన్‌సీటీఈ 2014 నిబంధనలతో రెండేళ్లయింది. ఆ నిబంధనల ప్రకారం కనీసం 20 వారాలు బడుల్లో గడపాలి. క్లాసులకు 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి. కాగితం మీద ఇవన్నీ పక్కాగా ఉంటాయి. చాలాచోట్ల జరిగేది వేరు. లెసన్ ప్లాన్లు సీనియర్ల రికార్డుల్లోంచి ఎక్కించేస్తారు. బడిలో హెడ్‌మాస్టర్ సంతకం మాత్రం ఉంటుంది, ఆ బడి పిల్లలకి ఈ ‘ట్రైనీ సార్’ ముఖమే తెలియదు.

‘డీఎస్సీ రాత పరీక్షే కదా, డెమో అడగరు కదా’ అంటారు కొందరు. నిజమే. డీఎస్సీ పరీక్షకు 80, టెట్ వెయిటేజీకి 20. కానీ డీఎస్సీ ఏటా వస్తోందా? ఏపీలో 2018 డీఎస్సీ తర్వాత 16,347 పోస్టుల మెగా డీఎస్సీ వచ్చింది 2025లో. తెలంగాణలో 2017 నోటిఫికేషన్ తర్వాత 11,062 పోస్టుల కోసం 2024 దాకా ఆగాల్సి వచ్చింది. మధ్యలో ఆ ఏడేళ్లు బతుకు గడిచేదెలా? ఎక్కువ మందికి ప్రైవేటు స్కూలే దిక్కు. అక్కడ మొదట అడిగేది డెమో క్లాసే. చాక్‌పీసు పట్టుకుని పది నిమిషాలు నిలబడలేకపోతే సర్టిఫికెట్ చూసి జీతం పెంచే యాజమాన్యం ఉండదు.

శిక్షణ అంటే ఏదో ఒక పట్టా కాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు కూడా గుర్తు చేసింది. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా బోధించే పోస్టులకు బీఈడీ సరిపోదని, చిన్నపిల్లలకి చదువు చెప్పే పద్ధతి వేరని చెప్పింది. ఎస్జీటీ కావాలనుకునేవాళ్లకి డీఎల్‌ఈడీయే దారి. చేరే ముందే ఇది చూసుకోవాలి.

కొన్న ప్రాజెక్టుతో ఇంటర్వ్యూకి

ఎలక్ట్రానిక్స్‌లో నోటిఫికేషన్ కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూడక్కర్లేదు. శ్రీసిటీలో, రేణిగుంట దగ్గర, హైదరాబాద్ శివారు కొంగరకలాన్‌లో ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి. ఈసీఐఎల్, బీఈఎల్ లాంటి ప్రభుత్వ సంస్థలున్నాయి. అయితే ఒకటి గుర్తుపెట్టుకోండి. లైన్‌లో విడిభాగాలు బిగించే పనికి డిగ్రీ అక్కర్లేదు, కొన్నాళ్ల శిక్షణ చాలు. డిప్లొమాకో బీటెక్‌కో విలువొచ్చేది, టెస్టింగ్‌లో ఫెయిలైన బోర్డును చేతిలో పెట్టినప్పుడు ఎందుకు ఫెయిలైందో చెప్పగలిగితేనే.

ఇంటర్వ్యూలో కూడా పెద్ద ప్రశ్నలేం ఉండవు. మీ ప్రాజెక్టు బొమ్మ గీయమంటారు. ‘ఈ రెసిస్టర్ ఇక్కడెందుకు? విలువ సగం చేస్తే ఏమవుతుంది?’ అంటారు. కొనుక్కున్న ప్రాజెక్టు అక్కడే దొరికిపోతుంది. సొంతంగా చేసింది చిన్న పవర్ సప్లయ్ అయినా సరే, మూడుసార్లు కాలిపోయి నాలుగోసారి పనిచేసిందైనా సరే, దాని గురించి అరగంట మాట్లాడొచ్చు.

అవసరం నిజమే, కానీ...

హాజరు కొనేవాళ్లంతా బద్ధకస్తులని అనలేం. చాలామంది ఇల్లు గడవక చిన్న స్కూల్లోనో షాపులోనో పనిచేస్తూ చదువుతున్నారు. వాళ్ల ఇబ్బంది నిజం. అలాంటివాళ్లకి సక్రమమైన దారులు కొన్ని ఉన్నాయి. రెగ్యులర్‌గా డీఎల్‌ఈడీ పూర్తి చేసినవాళ్లు అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా దూరవిద్యలో బీఈడీకి ప్రయత్నించొచ్చు. డిప్లొమా, బీటెక్ అయినవాళ్లకి ‘నాట్స్’ పథకంలో స్టైపెండ్‌తో అప్రెంటిస్‌షిప్ ఉంటుంది. ఈ దారులు అందరికీ సరిపోవు. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లకి సాయంత్రం క్లాసులు, సెలవుల్లో ఇంటర్న్‌షిప్ ఏర్పాటు చేయమని ప్రభుత్వాలను గట్టిగా అడగాలి.

ఎందుకంటే ఈ బేరంలో లాభం కాలేజీది. విద్యార్థులు రాకపోతే లెక్చరర్లు అక్కర్లేదు, ల్యాబ్ అక్కర్లేదు, బడులతో ఒప్పందాలూ అక్కర్లేదు. ఫీజు మాత్రం అందుతుంది. చివరికి రోజూ వచ్చే ఇద్దరు ముగ్గురికీ చదువు చెప్పేవాళ్లుండరు.

అందుకే సీటు తీసుకునే ముందు ‘హాజరు చూసుకుంటారా?’ అని కాకుండా ఇంకో మూడు ప్రశ్నలు అడగండి. ఇంటర్న్‌షిప్‌కి ఏ బడికి పంపుతారు? అక్కడ నా పాఠం చూసి తప్పులు చెప్పేదెవరు? ల్యాబ్‌లో ఒక్కో పరికరం దగ్గర ఎంతమందిని నిలబెడతారు? జవాబులు ప్రిన్సిపల్‌ని కాదు, రెండో ఏడాది విద్యార్థులని అడగండి. వాళ్లు నీళ్లు నమిలితే ఇంకో కాలేజీ చూసుకోండి. రెండేళ్లో నాలుగేళ్లో ఎలాగూ గడిచిపోతాయి. ఆ తర్వాత క్లాసులోకైనా, ఫ్యాక్టరీలోకైనా మీరొక్కరే వెళ్లాలి. హాజరు వేసినవాళ్లు వెంట రారు.