పాలన పట్టాలెక్కాకే పథకాలు

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ అనగానే అడ్మిషన్లు, ఫీజులే గుర్తొస్తాయి. పాలకమండలి సంగతి ఎవరికీ పట్టదు. అది ఎంత ప్రమాదమో శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ కాలేజీకి అనుభవంలోకి వచ్చింది. ఏడాదిలో కాలేజీ గుర్తింపు రద్దవుతుందని 2013 జులైలో గుర్తింపు సంస్థ ప్రకటించింది. పాఠాలు సరిగా చెప్పడం లేదని కాదు, ఆర్థిక నిర్వహణ, పాలన అస్తవ్యస్తంగా ఉన్నాయని. ఓటర్లు ఎన్నుకున్న పాలకమండలి సభ్యులను పక్కనపెట్టి, కాలిఫోర్నియా రాష్ట్రం ప్రత్యేకాధికారి చేతికి పగ్గాలిచ్చింది. వేలమంది విద్యార్థులు కాలేజీకి దూరమయ్యారు. కోర్టు జోక్యంతో రద్దు ఆగింది. గుర్తింపు సంస్థ కూడా నిబంధనలు మీరిందని 2015లో న్యాయమూర్తి తప్పుపట్టారు, అది వేరే సంగతి.

2017 జనవరిలో గుర్తింపు నిలబడింది. ఆ ఏడాదే నగరవాసులకు ఉచిత చదువు మొదలైంది. అంతకుముందు కోర్సు యూనిట్‌కు 46 డాలర్లు కట్టాల్సి వచ్చేది. ఆ ఖర్చుకు దారి చూపేలా, 50 లక్షల డాలర్లు, ఆపైన పలికే ఆస్తుల బదిలీపై పన్ను పెంచడానికి నగర ఓటర్లు 2016లోనే ఒప్పుకున్నారు.

ఇలాంటి కాలేజీల పాలకమండలి (బోర్డు) సాధారణ సమావేశాల ఎజెండాను 72 గంటల ముందే బయటపెట్టాలని కాలిఫోర్నియా చట్టం. సమావేశానికి వచ్చిన పౌరుడికి మాట్లాడే హక్కుంది. బోర్డులో విద్యార్థి ప్రతినిధీ కూర్చుంటారు. ఇవన్నీ సంక్షోభానికి ముందూ ఉన్నవే! పద్దులు అడిగేవాళ్లు లేకపోతే నిబంధన నోటీసు బోర్డుకే పరిమితం. కొత్త పథకాలు ప్రకటించే కాలేజీలు ముందు తమ జమాఖర్చులు జనం ముందు పెట్టాలి.