హస్‌దేవ్‌కు ఇచ్చిన మాట ఏమైంది?

అడవిని కాపాడతాం, ఆదివాసుల హక్కులు నిలబెడతాం, హరిత ఇంధనంతో ఉద్యోగాలు తెస్తాం... ఎన్నికల సభల్లో ఇప్పుడు ఈ మాటలు తరచూ వినిపిస్తున్నాయి. గెలిచాక వాటి గతేమిటో తెలియాలంటే ఛత్తీస్‌గఢ్‌లోని హస్‌దేవ్ అరణ్యాన్ని చూడాలి.

ఆ అడవి కింద బొగ్గు ఉంది. 2015 జూన్‌లో రాహుల్ గాంధీ అక్కడి మదన్‌పూర్ గ్రామానికి వెళ్లి, గనులను వ్యతిరేకిస్తున్న ఆదివాసులకు అండగా ఉంటామన్నారు. 2018లో రాష్ట్రంలో కాంగ్రెస్ గెలిచింది. అయినా భయం తీరలేదు. 2021 అక్టోబరులో గ్రామస్థులు దాదాపు 300 కిలోమీటర్లు నడిచి రాయ్‌పూర్ చేరారు. ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్‌ను కలిసి గోడు చెప్పుకున్నారు.

2022 మార్చిలో అదే రాయ్‌పూర్‌కు రాజస్థాన్ ముఖ్యమంత్రి అశోక్ గెహ్లోత్ వచ్చారు. ఆయనదీ కాంగ్రెస్ ప్రభుత్వమే. వివాదంలో ఉన్న గనులను కేటాయించింది రాజస్థాన్ ప్రభుత్వ విద్యుదుత్పత్తి సంస్థకు. తవ్వే కాంట్రాక్టు అదానీ గ్రూపుది. తమ ప్లాంట్లకు బొగ్గు కావాలని గెహ్లోత్ అడిగారు. కొద్ది రోజుల్లోనే అనుమతులు వచ్చాయి.

నిరసనలు పెరగడంతో జూలైలో అసెంబ్లీ, హస్‌దేవ్‌లోని బొగ్గు బ్లాకులన్నీ రద్దు చేయాలని కేంద్రాన్ని కోరుతూ ఏకగ్రీవంగా తీర్మానించింది. సెప్టెంబరులో పోలీసుల కాపలాలో చెట్లు నరికారు. 2023 డిసెంబరులో బీజేపీ అధికారంలోకి వచ్చిన కొద్ది రోజులకే నరికివేత మళ్లీ మొదలైంది. పార్టీ మారినా గొడ్డలి ఆగలేదు.

విచిత్రమేమిటంటే, ఈ బొగ్గు వెళ్తున్న రాజస్థాన్ సౌర విద్యుత్తులో దేశంలోనే ముందుంది. పగలు ఎండ ఉంటుంది సరే, రాత్రి సంగతేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు ఛత్తీస్‌గఢ్‌లోనే మొదలైంది. రాజ్‌నంద్‌గావ్‌లో 100 మెగావాట్ల సోలార్ ప్లాంటుకు 120 మెగావాట్ అవర్ల బ్యాటరీ నిల్వను జోడించారు. 2024 నుంచి అది పనిచేస్తోంది.

అయితే సోలార్ ప్లాంటు కట్టేటప్పుడు ఉన్నంత పని, కట్టాక ఉండదు. పైగా రాజ్‌నంద్‌గావ్‌లో వచ్చే ఉద్యోగం సర్గుజాలో భూమి పోయిన కుటుంబానికి దక్కదు. కాబట్టి ఎన్ని ఉద్యోగాలన్నది సగం ప్రశ్నే. ఎక్కడ, ఎవరికి అన్నది మిగతా సగం. పర్యావరణ న్యాయమంతా ఆ రెండో సగంలోనే ఉంది.

ఇది మనకూ దూరపు కథ కాదు. ఆంధ్రప్రదేశ్ 2024 నాటి సమీకృత స్వచ్ఛ ఇంధన విధానం 7.5 లక్షల ఉద్యోగాలు లక్ష్యమంటోంది. తెలంగాణలో సింగరేణి మీద బతికే ఊళ్లున్నాయి. రేపు ఓటడగడానికి వచ్చే అభ్యర్థిని మూడు విషయాలు అడగాలి: ఆ ఉద్యోగాలు ఏ మండలంలో వస్తాయి? భూమి ఇచ్చినవారికి అందులో వాటా ఎంత? గ్రామసభ వద్దంటే అనుమతి ఆపుతారా? వీటికి రాతపూర్వకంగా జవాబివ్వని హామీ ఎంత దూరం నిలుస్తుందో, 300 కిలోమీటర్లు నడిచినవాళ్లకు బాగా తెలుసు.