ఒక కిటికీలో పేద, ఇంకో కిటికీలో సంపన్నుడు

నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టుకు పోయే తండ్రి. హబ్సిగూడ ఇళ్లల్లో బాసాన్లు తోమే తల్లి. వాళ్ల బిడ్డకు అమెరికాలో ఎం.ఎస్. సీటు. ఉప్పల్ చుట్టుపక్కల మన వాడలకు ఇది కొత్త సంబురం. కానీ సీటు వచ్చిన తెల్లారే ఇంకో పరీక్ష మొదలైతది: డబ్బు చూపించు.

తెలంగాణ ప్రభుత్వం అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద మన పిల్లలకు 20 లక్షల రూపాయలు ఇస్తుంది. దానికి ఇంటి ఆదాయం ఏడాదికి 5 లక్షలు దాటొద్దు. మీసేవలో నిలబడి పేదవాళ్లమని కాగితం తెచ్చుకోవాలె. అదే నెలలో అమెరికా యూనివర్సిటీ అడుగుతది: మొదటి ఏడాది ఫీజు, తిండి, కిరాయి అంతా మీ ఖాతాలో ఉన్నట్టు చూపితేనే ఐ-20 అనే చేరిక పత్రం ఇస్తాం అని. 5 లక్షల ఆదాయం లేని ఇంట్లో పాతిక, ముప్పై లక్షల నిల్వ ఎక్కడిది? అడిగేవాడికీ తెలుసు, చూపేవాడికీ తెలుసు.

మరి విద్యానిధి ఉన్నది కదా అంటారు. దానికి దరఖాస్తు పెట్టాలంటే ఐ-20 కావాలె. ఐ-20 రావాలంటే డబ్బు కనపడాలె. నిధిలో మొదటి 10 లక్షలు అక్కడ దిగినంకనే, మిగతా 10 లక్షలు మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చినంకనే. పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదు అన్నట్టుంది ఈ పథకం నడక.

బ్యాంకు అప్పు సంగతి చూద్దాం. విద్యారుణం 7.5 లక్షలు దాటితే ఆస్తి తనఖా అడుగుతారు. మనకు ఏముంది? ఊర్లో తాతకిచ్చిన అసైన్డ్ భూమిని 1977 చట్టం ప్రకారం అమ్మరాదు. (ఆ చట్టాన్ని మేము తప్పుపట్టం. అది లేకుంటే ఆ కాస్త భూమి కూడా దొరల పాలయ్యేది.) అదే పై కులాల పిల్లగాడికైతే మేనమామ డిపాజిట్, బాబాయి ప్లాటు, డల్లాస్‌లో ఉన్న అన్న రాసిచ్చే స్పాన్సర్ లెటర్ ఉంటాయి. దీన్ని ఎవరూ కులం అనరు. ఆర్థిక స్తోమత అంటారు.

ఈ సందులోనే దళారులు దూరుతున్నారు. కమిషన్ తీసుకొని కొన్నాళ్లు ఖాతాలో డబ్బు వేసి, చూపించి, తీసేసుకుంటారు. కొందరు దొంగ స్టేట్‌మెంట్లే చేతిలో పెడతారు. బ్రిటన్ అయితే డబ్బు వరుసగా 28 రోజులు ఖాతాలో ఉండాలంటుంది. జర్మనీ ఏడాది ఖర్చును ముందే తాళం వేసిన ఖాతాలో కట్టమంటుంది. 2024లో ఆ మొత్తాన్ని 11,904 యూరోలకు పెంచింది. దొంగ కాగితమని తేలితే బ్రిటన్ పదేళ్లు గడప తొక్కనియ్యదు, అమెరికా జీవితాంతం దారి మూసేయగలదు. దొరికేది మన పిల్ల. కమిషన్ తిన్నవాడు ఇంకో ఇంటికి పోతాడు. తల్లిదండ్రులారా, ఆ వడ్డీ డబ్బు ముట్టకండి.

1913లో బాబాసాహెబ్ కొలంబియాకు పోయినప్పుడు ఇప్పటిలాంటి స్టూడెంట్ వీసా లేదు. ఆ ఏడాదే తండ్రి చనిపోయారు, చూపడానికి ఆస్తి లేదు. బరోడా సంస్థానం నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లకు స్కాలర్‌షిప్ మంజూరు చేసింది. మంజూరు ముందు, ఓడ ప్రయాణం తర్వాత. నూరేళ్లు దాటినంక ఆయన పేరు పెట్టిన పథకంలోనే ఈ వరుస తిరగబడింది!

కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో ముందస్తు మంజూరు పత్రం ఇస్తున్నారు. అయితే దేశం మొత్తానికి అవి 125, అందులో ఎస్సీలకు 115. ఆ పద్ధతినే రాష్ట్ర విద్యానిధికీ పెట్టాలని మా డిమాండ్. సీటు ఉత్తరం చూసి మంజూరు పత్రం ఇవ్వాలి, మొదటి విడత విమానం ఎక్కకముందే వేయాలి, మిగిలిన మొత్తానికి ప్రభుత్వమే బ్యాంకులో హామీ నిలబడాలి.

ఉప్పల్, నాచారం, మల్లాపూర్ వాడల కార్యకర్తలు సీటు వచ్చి డబ్బు దగ్గర ఆగిపోయిన పిల్లల వివరాలు, ఏ కాగితం ఏ ఆఫీసులో ఎన్ని రోజులు ఆగిందో తేదీలతో సహా రాసి పంపండి. ఎస్సీ అభివృద్ధి శాఖకు ఇచ్చే వినతిపత్రానికి జత చేస్తాం.