చిన్న డబ్బా ఎందుకు మాయమైంది?

మా పిన్ని పురానాపూల్ మీద కూరగాయలు అమ్ముతుంది. బండ్లన్నీ పక్కనున్న కొత్త వంతెన మీద పోతుంటే, పాత వంతెన మీద టమాటాల బేరం నడుస్తుంటుంది. పిన్ని కూతురు పదో తరగతి. పుట్టినప్పటి నుంచీ వినపడదు.

నేను పనిచేసేది పాఠాల యాప్ తయారుచేసే కంపెనీలో. సార్ పాఠం చెబుతుంటే స్క్రీన్ కింద కుడి మూలన చిన్న డబ్బాలో ఒక మేడం అదే పాఠాన్ని సైగల భాషలో చెబుతుంది. పిక్చర్ ఇన్ పిక్చర్ అంటామే, అదే. ఆ డబ్బా కోడ్ రాసింది నేనే. చెల్లికి పనికొస్తుందని కాస్త గర్వంగా కూడా ఉండేది.

ఒకరోజు పిన్ని ఫోన్. "బిడ్డా, మీ యాప్‌ల బొమ్మ రాంగనే మేడం మాయమైతుందంట. చెల్లె ఫోన్ ఇసిరికొట్టింది. జర సూడరాదూ."

ఆఫీసుకెళ్లి ఫిర్యాదుల జాబితా వెతికితే చెల్లి పంపిన ఫిర్యాదు మూడు వారాల కిందటే ఉంది. దానికి జతైన ఫొటోలో డబ్బా నల్లగా ఉంది. మావాళ్లలో ఒకరు "ఈ ఫొటోల్లో డబ్బా ఎప్పుడూ నల్లగానే వస్తుంది" అని రాసి మూసేశారు. తమాషా ఏంటంటే, ఆ మాట నిజమే!

ఎందుకో చెప్తాను. ఫోన్‌లో అక్షరాలు, బటన్లు, బొమ్మలు ఒక దారిలో వస్తాయి, వీడియో ఇంకో దారిలో వస్తుంది. 1920×1080 వీడియోలో ఒక్క ఫ్రేముకి 20 లక్షలకు పైగా చుక్కలు. చుక్కకి 4 బైట్ల లెక్కన, సెకనుకి 30 ఫ్రేములంటే దాదాపు 25 కోట్ల బైట్లు. ఇదంతా యాప్ తన బొమ్మల్లో కలిపి మళ్లీ మళ్లీ గీస్తూ కూర్చుంటే ఫోన్ వేడెక్కుతుంది, బ్యాటరీ కరిగిపోతుంది. అందుకే ఆండ్రాయిడ్‌లో సర్ఫేస్‌వ్యూ అనే పద్ధతి ఉంది. వీడియో కింద వేరే పొరలో నడుస్తుంది. యాప్ తన విండోలో అక్కడికి ఒక కంత వదిలేస్తుంది. ఈ పొరలన్నీ పేర్చి మనకి ఒకే తెరలా చూపించే పని సర్ఫేస్‌ఫ్లింగర్‌ది. 2011లో ఆండ్రాయిడ్ 4.0తో వచ్చిన టెక్స్చర్‌వ్యూ అయితే వీడియోని గ్రాఫిక్స్‌లోనే కలిపేస్తుంది. తిప్పొచ్చు, మసకబార్చొచ్చు, కాకపోతే ఖర్చెక్కువ.

పిన్ని కూర్చునే వంతెననే చూడండి. 1578లో కుతుబ్‌షాహీలు కట్టింది. కింద 22 కమాన్లు. వంతెన మూసీని మోయదు, నీళ్లు పోవడానికి కమాన్లు వదిలిందంతే. మా యాప్ కూడా అలాగే వీడియోకి దారి వదలాలి. మేమేమో ఆ కమానుకి గోడ కట్టేశాం.

పాఠంలో కుంభాకార కటకం బొమ్మ వచ్చినప్పుడు తెర మొత్తం మీద నల్లటి షీటు పరిచేవాళ్లం. డబ్బా కోసం వదిలిన కంత తర్వాత దాన్ని గీయడంతో కంత పూడిపోయేది. మేడం కింద చెబుతూనే ఉంది, పైకి కనబడదు. సరిగ్గా బొమ్మని వివరించే సమయంలోనే! పరీక్షించినప్పుడు మాకెందుకు తెలియలేదంటే, మాకు సార్ గొంతు వినిపిస్తోంది కదా. బొమ్మ వచ్చింది, మాట వచ్చింది, పాస్ అన్నాం.

మరి ఫిర్యాదు ఫొటో? మా యాప్ తన విండోలో గీసినదాన్నే ఫొటో తీసి పంపేది. వీడియో పొర అందులో ఉండదు కాబట్టి డబ్బా బాగున్నా నలుపే, పాడైనా నలుపే. ఆ పొరని కూడా తీసే పిక్సెల్‌కాపీ 2016లోనే ఆండ్రాయిడ్ 7.0తో వచ్చింది. మేం వాడలేదు.

ముందు డబ్బాని బొమ్మ తర్వాత గీసేలా మార్చాను. మేడం కనబడింది కానీ ఆమె వెనక కటకం నాభి దాక్కుంది. చివరికి బొమ్మని కుదించి, డబ్బాని పెంచి, రెంటినీ పక్కపక్కన పెట్టాం. సైగల భాషలో వేళ్లే కాదు, ముఖం కూడా మాట్లాడుతుంది. తపాలా బిళ్లంత డబ్బాలో అది కనబడదు.

ఆండ్రాయిడ్ ఫోన్లకి 2017లో, ఐఫోన్లకి 2020లో పిక్చర్ ఇన్ పిక్చర్ వచ్చాక మనకి అదొక సరదా. మూలన క్రికెట్ పెట్టుకుని వాట్సాప్‌లో జవాబులిస్తాం. చెల్లికి మాత్రం ఆ మూలలోనే పాఠముంది. టీవీ కార్యక్రమాలు సైగల భాషతోనో సబ్‌టైటిళ్లతోనో అందేలా ప్రభుత్వం చూడాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది. అలా వచ్చిన డబ్బా మీద ఇంకేదీ పడకుండా చూడాల్సింది మాత్రం మాలాంటి వాళ్లమే.

మొన్న సాయంత్రం వంతెన మీద కొత్త వెర్షన్ చెల్లికి చూపించాను. కటకం పాఠం చివరిదాకా చూసింది. బాగుందని బొటనవేలు ఎత్తి, వెంటనే ఫోన్ అడ్డంగా తిప్పింది. డబ్బా మళ్లీ బొమ్మ మీదకి ఎక్కి కూర్చుంది! ఈ వారం నా పని అదే.

మీరూ యాప్‌లు చేసేవాళ్లయితే, రేపు ఒక్కసారి సౌండ్ పూర్తిగా తీసేసి మీ యాప్ చూడండి.